తేనె, ముఖ్యంగా తేనె

కళ్ళజోళ్ళ దుకాణం,
మేడమీద గది.

వదినగారికి,

మీరూ అన్నయ్యగారూ బాగున్నారని కోడలు చెప్పింది కాబట్టి ఆ సంగతి మళ్ళీ అడగను. పిల్లల పెళ్ళయ్యాక మనిద్దరం ఫోనులో మాట్లాడుకున్న ప్రతిసారీ ఇద్దరం ఒకేసారి మాట్లాడి, ఇద్దరం ఒకేసారి పెట్టేశాం. ఇక ఉత్తరాలు రాసుకోండి మహాప్రభో అని వాళ్ళు దణ్ణం పెట్టింది అందుకే. ఉత్తరంలో ఎదుటి మనిషి మాటకు అడ్డుపడే వీలుండదు. మీకు కొంచెం కష్టమే, అయినా ఓపిక పట్టండి.

పని పడి రాస్తున్నాను. మా వైన్ క్లబ్బు గురించి మీకు తెలుసు. పెళ్ళిలో మీరు దాన్ని "తాగుబోతుల సంఘం" అన్నారు, నేను విననట్టు ఊరుకున్నాను. వచ్చే నెల మేం ఫ్రాన్సులోని నాలుగు ప్రాంతాల వైన్లు రుచి చూడబోతున్నాం: ఆల్సాస్, ల్వార్ లోయ, బర్గండీ, బోర్డో. ఒక్కోదాని పక్కన దానికి తగిన వంటకం ఉండాలి. మీ చేతివంట ఎంత గొప్పదో మీ నోటితోనే బోలెడుసార్లు విన్నాను కాబట్టి ఆ బాధ్యత మీకే అప్పజెబుతున్నాను.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. బల్ల చివర పెద్ద కుర్చీలో కూర్చున్న మనిషి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, అందులో ఏమేం వాసనలున్నాయో చెప్పాలి. చెప్పేదాకా మిగతావాళ్ళు గ్లాసు ముట్టుకోరు. ఆ కుర్చీ నాది. మీ అన్నయ్యగారు... అంటే మా ఆయన పోయిన ఏడాది వాళ్ళంతా కలిసి నన్ను అందులో కూర్చోబెట్టారు. దుకాణం మూసి మేడెక్కితే నాతో మాట్లాడేది గోడగడియారమొక్కటే. నెలకోసారి ఆ కుర్చీలో కూర్చుంటే నేనూ నలుగురిలో ఒక మనిషినని గుర్తొస్తుంది. ఈ మధ్య మా పళ్ళ డాక్టరు దానిమీద కన్నేశాడు. "మీకెందుకండీ శ్రమ, ఈసారికి నేను కూర్చుంటాను" అని కనిపించినప్పుడల్లా ఒకటే నస. నా బొందిలో ప్రాణముండగా ఇవ్వను.

అబ్బాయి చేత నాలుగు సీసాలు పంపుతున్నాను. మూతలు తీసి, గ్లాసులో పోసి, ఏది ఏం వాసన వేస్తోందో ఉన్నదున్నట్టు రాయండి. వండే మనిషికి వైన్ వాసన తెలిస్తేనే వంట కుదురుతుంది కదా. అందుకే అడుగుతున్నాను, ఇంకేమీ లేదు.

ఇట్లు,
మీ అమ్మాయి అత్తగారు

*

బేకరీ,
పిండి బస్తాల గది.

వదినగారికి,

సీసాలు అందాయి. మా అల్లుడు వాటిని పసిబిడ్డల్లా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు ఒక పండైనా తేని పిల్లవాడు!

మా పనివాళ్ళు ఇళ్ళకు వెళ్ళాక పిండి కలిపే బల్ల మీద నాలుగూ విప్పాను. నేను ఒక్క గుక్క కూడా తాగను, మీకు తెలుసు. వాసన చూడ్డానికి మాత్రం నాకెవరి శిక్షణా అక్కర్లేదు. ఓవెన్ తలుపు తీయకుండానే లోపల రొట్టె ఎంతవరకూ కాలిందో చెప్పగల ముక్కు ఇది. ఆల్సాస్ మొదట పచ్చి ఆపిల్. కాసేపాగితే, తప్పుగా అనుకోకండి, సైకిలు షాపు. కొత్త ట్యూబు కాగితం విప్పితే వచ్చే వాసన. చెడిపోయిందేమో చూసుకోండి. ల్వార్‌ది ఎండుగడ్డి మీద తేనె ఒలికినట్టుంది. అది నాకు నచ్చింది, మీ ముందు ఒప్పుకోను గానీ. బర్గండీ దగ్గరికొస్తే వాన వెలిసిన తోటలో చెర్రీపళ్ళు కాళ్ళకింద నలిగాయి, పక్కనే ఎవరో పుట్టగొడుగుల గంప దించారు. బోర్డో అచ్చం మా అమ్మాయి చిన్నప్పటి పెన్సిలు డబ్బా. చెక్కిన పొడి, దానికింద దాచుకుని మరిచిపోయిన నల్లద్రాక్ష.

వీటి పక్కన వరసగా ఉల్లిపాయల టార్ట్, మేకపాల చీజ్ పెట్టిన పఫ్, పుట్టగొడుగుల కూర, గొర్రెమాంసం రోస్టు. మార్చమంటే మార్చను.

మిగిలిన వైన్ వృథా పోలేదు. మీ అన్నయ్యగారు "పారబోయడం పాపం" అని నాలుగూ తనే పూర్తిచేసి, పిండి బస్తాలకు ఎదురుగా నిలబడి గంటసేపు ఉపన్యాసం ఇచ్చారు. బస్తాలు మాత్రం చక్కగా విన్నాయి. మీ సంఘానికి నేను పెట్టిన పేరు వెనక్కి తీసుకోవడం లేదు.

ఇట్లు,
మీ అబ్బాయి అత్తగారు

*

కళ్ళజోళ్ళ దుకాణం,
మేడమీద గది.

వదినగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సైకిలు ట్యూబు వాసన చెడిపోవడం కాదు, ఆ ద్రాక్షకు అది గొప్ప లక్షణం. తెలియనివాళ్ళు భయపడతారు, ఫరవాలేదు.

కొన్ని సందేహాలున్నాయి. ఆ ఎండుగడ్డి అప్పుడే ఎండినదా, వామిలో నిలవ ఉన్నదా? తేనె గ్లాసు తిప్పకముందే తగిలిందా, తిప్పాకా? చెర్రీలు పండువా, దోరవా? పెన్సిలు పొడి ఘాటుగా ఉందా, లేక వెతుక్కుంటే దొరికేంతేనా? నాకు తెలియక అడగడం లేదు. మీ ముక్కు ఎంతవరకూ పనిచేస్తుందో పరీక్షిస్తున్నాను. తిరుగు టపాలో జవాబు రాయండి. ఆలస్యం చేయకండి.

పళ్ళ డాక్టరు ఆగడం మితిమీరింది. మొన్న పన్ను సలుపుతుంటే వెళ్ళక తప్పలేదు. కుర్చీలో పడుకోబెట్టి, నోట్లో దూది కుక్కి, నేను జవాబు చెప్పలేని సమయం చూసి "ఈ ఒక్కసారికి ఆ పెద్ద కుర్చీ నాకివ్వకూడదూ?" అన్నాడు. ఊఁ అంటే ఒప్పుకున్నానంటాడేమోనని కళ్ళు పెద్దవి చేసి కాదన్నాను. నొప్పెడుతోందా అని ఇంకో సూది పొడిచాడు. మనిషన్నాక ఇంత ఆశ ఉండకూడదు.

ఇట్లు,
మీ జవాబు కోసం చూస్తూ,
వదిన

*

బేకరీ,
పిండి బస్తాల గది.

వదినగారికి,

గడ్డి గురించి ఇన్ని ప్రశ్నలు ఆవు కూడా అడగదు. అయినా అడిగారు కాబట్టి చెబుతున్నాను. గడ్డి అప్పుడే ఎండినది. తేనె గ్లాసు తిప్పాక. చెర్రీలు బాగా పండినవి. పెన్సిలు పొడి వెతుక్కోనక్కర్లేదు, ఎదురొచ్చి పలకరిస్తుంది. అన్నీ కలిపి ఒకచోట రాసుకోండి, మళ్ళీ అడగొద్దు.

అమ్మాయి మొన్న వచ్చినప్పుడు ఒక మాట చెప్పింది. మీ ఇంట్లో పాలు పొంగి, అడుగంటి, గిన్నె నల్లగా మాడి, పక్కింటివాళ్ళు వచ్చి తలుపు బాదేదాకా మీరు ఆ పొయ్యి పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నారట. "పేపరులో ఏదో మంచి వార్త పడి ఉంటుందిలే" అన్నాను. అంతకుమించి నేనేమీ అనలేదు.

వంటలు మనిషి చేత పంపుదామనుకున్నాను గానీ, ఇప్పుడు నేనే వస్తాను. టార్ట్ రైల్లో ఒకళ్ళ చేతిలో పెట్టి పంపితే పిండిముద్దై దిగుతుంది. ఇంకే కారణమూ లేదు. వంటింట్లో నా పని నేను చేసుకుంటాను, మీ పెద్దమనుషుల మధ్యకు రాను. మీ అన్నయ్యగారు కూడా వస్తానంటున్నారు. కాళ్ళు విరగ్గొడతానన్నాను.

ఇట్లు,
మీ ముక్కు పరీక్షలో నెగ్గానో లేదో తెలియని,
వదిన

*

కళ్ళజోళ్ళ దుకాణం,
మేడమీద గది.

అమ్మాయి తల్లిగారికి,

మీరు ఇంటికి చేరినట్టు కోడలు చెప్పింది. సంతోషం. ఇక నేను చెప్పదలచుకున్నది చెబుతాను.

ఆ సాయంత్రం ఎంత బాగా మొదలైంది! తెల్లటి గుడ్డ పరిచిన బల్ల, గ్లాసుల వరస, మీ టార్ట్ ముక్కలు. నేను ఆల్సాస్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని "పచ్చి ఆపిల్, వెనకే కొత్త సైకిలు ట్యూబు" అనేసరికి అందరూ తమ గ్లాసులు అందుకున్నారు. సంగీతం టీచరు వాసన చూసి, కళ్ళు మూసుకుని, "అబ్బ, ట్యూబే!" అంది. బీమా ఏజెంటు చప్పట్లు కొట్టాడు. నా కుర్చీకి ఇక ఢోకా లేదనుకున్నాను.

రెండోది ల్వార్. ఒక్కో రకానికీ ఒకే ఒక పెద్ద సీసా తెప్పించామని మీకు చెప్పాను కూడా. అందరికీ పోశారు. నేను గ్లాసు తిప్పి, తొందరపడకుండా, "అప్పుడే ఎండిన గడ్డి... దాని మీద తేనె" అన్నాను. అందరూ వాసన చూశారు. అందరూ తలలూపారు. చివరికి ఆ పళ్ళ డాక్టరు కూడా "తేనె, ముఖ్యంగా తేనె" అని ఒప్పుకోక తప్పలేదు. శత్రువు చేత ఒప్పించుకున్నాను వదినగారూ, అంతకన్నా ఏం కావాలి?

అప్పుడు మీరొచ్చారు. వంటింట్లోంచి బయటికి రానన్న మనిషి, చేతిలో పఫ్‌ల పళ్ళెంతో, రైలు దిగిన మనిషిలా తోసుకుంటూ వచ్చి, సీసాను మోచేత్తో పడగొట్టారు. సీసా పోతే పోయింది, చేత్తో తుడుస్తున్నట్టు నటిస్తూ పక్కనున్న గ్లాసులు కూడా ఒక్కొక్కటే ఒంపేశారు. డాక్టరుగారి లేతరంగు ప్యాంటు తడిసి ముద్దైంది. ఆయన జేబురుమాలు తీసి తుడుచుకున్నాడు. మీరు "క్షమించండి" అనైనా అనలేదు. "అయ్యో, పోతే పోయింది, మూడోది తీయండి" అన్నారు, మీ ఇంటి సొమ్మైనట్టు!

ఏడాదిగా ఎదురుచూసిన సాయంత్రం అది. వైన్ అంటే మీకు గిట్టదని తెలుసు. నేనంటే గిట్టదని ఇప్పుడు తెలిసింది. రోస్టు మెత్తగా ఉందని అందరూ అన్నారు, ఆ మాట దాచుకోవడం నా స్వభావం కాదు కాబట్టి రాస్తున్నాను. మిగతాది పిల్లల మొహం చూసి సర్దుకుపోతాను.

ఇట్లు,
మీకేమీ కాని మనిషి

*

బేకరీ,
ఓవెన్ పక్కన.

వదినా,

గారు తీసేశాను. కోపం వస్తే ఈ ఒక్క ఉత్తరం చదివాక తెచ్చుకో.

మీ వంటింటికీ ఆ గదికీ మధ్య తలుపు తెరిచే ఉంది. రెండో సీసా మూత తీయగానే నాకు అక్కడికే తగిలింది. గడ్డీ కాదు, తేనె అసలే కాదు. వానలో నానిన అట్టపెట్టె, తడి తుడుపుగుడ్డ అల్మారాలో పెట్టి మూసేస్తే వచ్చే ముక్కిపోయిన వాసన. నువ్వు నాకు పంపిన సీసా మంచిదే. ఆ రోజు తెరిచిన సీసాకు బిరడా చెడి, లోపల వైన్‌ను పాడుచేసింది. అది గదంతా కొడుతోంది. నేను గుమ్మంలో నిలబడి, నువ్వు గ్లాసు పక్కకు తోసేస్తావని చూస్తున్నాను. నువ్వేమో కళ్ళు అరమోడ్చి, నేను రాసిన మాటలు ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పావు. గడ్డి, తేనె.

అందరూ వాసన చూశారు. సంగీతం టీచరు ఊపిరి బిగబట్టి తాగింది. బీమా ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా నీ మాట పట్టుకుని తలలూపారు. ఇక ఆ పళ్ళ డాక్టరు "ముఖ్యంగా తేనె" అన్నాడు చూశావూ, లోపల నవ్వుకుంటున్నాడని నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకో నిమిషం ఆగితే నిన్ను నలుగురి ముందూ నిలబెడతాడనిపించింది. అందుకే సీసా పడగొట్టాను. ప్యాంటు మీద పడింది పొరపాటున కాదు, గురి చూసే పోశాను.

వదినా, నీకు వాసన రావడం లేదు. పాల గిన్నె మాట విన్నప్పుడే అనుమానం వచ్చింది. గడ్డి ప్రశ్నలతో సగం తేలింది. నేను వచ్చింది టార్ట్ కోసం కాదు, నిన్ను చూడ్డానికి. నాకొక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది? నేనేమైనా పరాయిదాన్నా?

నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా,
నీ వదిన

*

మేడమీద గది.

వదినా,

చదివి నీమీద పట్టరాని కోపం వచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. తర్వాత ఆ గ్లాసుల ముందు బీమా ఆయన మొహం తలుచుకుని ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. దుకాణంలో నా ఎదుట కళ్ళజోడు పెట్టి చూసుకుంటున్న ఆవిడ, తనను చూసి నవ్వాననుకుని అద్దంలో మళ్ళీ చూసుకుంది.

వానల్లో జ్వరం వచ్చింది చూడు, అది తగ్గాక నా ముక్కు తిరిగి రాలేదు. కాఫీ వేడినీళ్ళు. అన్నం మెత్తగా ఉండే ఏదో పదార్థం. నా ఒంటి వాసన నాకు తెలియదు కాబట్టి ఎవరికి కంపు కొడుతున్నానో అని పొద్దునా సాయంత్రం ఒళ్ళు అరిగేలా తోముకుంటున్నాను. ముక్కు డాక్టరు "తిరిగి రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. ఆ మాత్రం నేనూ చెప్పగలను. అబ్బాయికి చెబితే దుకాణం మూసి వచ్చెయ్యమంటాడు. క్లబ్బులో చెబితే కుర్చీ పోతుంది. వాసన పోయినందుకు అంత బాధ లేదు, ఆ కుర్చీ పోతే నన్ను ఎవరు పిలుస్తారు అని భయం. అందుకే నీ ముక్కు అరువడిగాను, అడిగినట్టు తెలియకుండా.

కానీ నన్ను నమ్మి పాపం ఆ జనం తడి అట్టపెట్టెలో తేనె వెతుక్కున్నారు. నా కుర్చీ కోసం వాళ్ళ చేత మురికినీళ్ళు తాగించాను. ఇక నా వల్ల కాదు. వచ్చే సమావేశంలో చెప్పేసి దిగిపోతాను.

నీ,
వదిన

*

బేకరీ,
నిలబడే రాస్తున్నాను.

వదినా,

దిగకు! తొందరపడకు. ప్రతినెలా సీసాలు నాకు పంపు. నేను ముందే వాసన చూసి రాస్తాను, నువ్వు బట్టీ పట్టు. ఈసారి ఒక్కో రకం రెండేసి తెప్పించు, చెడింది ఉంటే తెలిసేలా నేను వంటింట్లో గిన్నె పడేస్తాను. ఒక గిన్నె పడితే మంచిది, రెండు పడితే చెడ్డది. మీ అన్నయ్యగారికి చెప్పాను. మిగిలిన వైన్ సంగతి తనకు వదిలెయ్యమని, ఈ పథకం చాలా గొప్పదని అన్నారు.

ఆ పళ్ళ డాక్టరును ఆ కుర్చీలో చూస్తే నాకు అన్నం సహించదు. పోతే పోనీ ముక్కు, నోరుందిగా నీకు. ఇద్దరికీ కలిపి చాలినంత ఉంది.

నీ వదిన

*

కళ్ళజోళ్ళ దుకాణం,
మేడమీద గది.

వదినా,

నీ గిన్నెల పథకం చదివి నవ్వుకుంటూనే వెళ్ళాను. వెళ్ళి కుర్చీలో కూర్చోలేదు. దాని వెనక నిలబడి, దాని వీపు రెండు చేతులతో పట్టుకుని చెప్పేశాను. "నాకు వాసన రాదు. వానల నుంచీ రాదు. మొన్న నేను చెప్పిన తేనె మా వదినది. ఆ సీసాలో ఉన్నది పాడైన వైను. నన్ను క్షమించండి" అన్నాను.

బీమా ఆయన తల దించుకుని "తెలుసండీ" అన్నాడు.

ఏం తెలుసన్నాను. "పాడైందని మూత తీయగానే తెలిసింది. అందరికీ తెలుసు" అంది సంగీతం టీచరు. మరి ఎందుకు తాగారు తల్లీ అంటే, "మీరు తేనె అన్నారు. మీరు అంత ఇష్టంగా అన్నాక అట్టపెట్టె అని ఎవరంటాం? ఆయన పోయాక మీరు మళ్ళీ మనుషుల్లో పడింది ఈ బల్ల దగ్గరే కదా" అంది. వదినా, మనం వాళ్ళను మోసపోయిన అమాయకులనుకున్నాం. వాళ్ళు నా కోసం ఆ పాడు నీళ్ళు గుటుక్కున మింగారు.

ఇప్పుడు అసలు సంగతి విను. పళ్ళ డాక్టరు ఏమన్నాడో తెలుసా? నేను పన్ను నొప్పని వెళ్ళిన రోజు ఆయన నా పంటి మీద లవంగనూనె దూది పెట్టాడట. వీధి చివరిదాకా కొట్టే వాసన అది. నేను కాసేపాగి, "మందు పెట్టారా, ఇంకా లేదా?" అని సైగ చేశానట. అప్పుడే ఆయనకు అర్థమైపోయింది. అంతకుముందు కూడా అనుమానం ఉందట, అందుకే ఆ నస. "కుర్చీ నాకిస్తే మీరు నలుగురిలో ఇబ్బంది పడరనుకున్నాను. అడిగినకొద్దీ మీరు ఇంకా గట్టిగా పట్టుకున్నారు" అన్నాడు. మరి ముఖ్యంగా తేనె అన్నారెందుకు అన్నాను. "మీరొక్కరే దూకేశారు. తోడుగా నేనూ దూకాను" అన్నాడు. ఆయన వేసుకొచ్చింది ఆ లేతరంగు ప్యాంటే. మరక పోలేదు. నువ్వు గురి చూసి పోశావని నేను చెప్పలేదు, తనే కనిపెట్టాడు. నీ గురిని చాలా మెచ్చుకున్నాడు.

ఆయనను బలవంతంగా ఆ కుర్చీలో కూర్చోబెట్టాను. వద్దు వద్దంటూనే కూర్చున్నాడు. పక్క కుర్చీలో నేను. బాధ కలగలేదని చెబితే అబద్ధం. నా చోట ఇంకో మనిషి కూర్చుని ఉంటే చూడలేక తల దించుకున్నాను.

మొదటిది నురగ వచ్చే తెల్ల వైన్. అందరి గ్లాసుల్లోనూ పోశారు. పద్ధతి ప్రకారం ఆయన చెప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఆయన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు వాసన చూశాడు. బల్లంతా ఆయన నోటివంక చూస్తోంది. ఆయన వాళ్ళకేమీ చెప్పలేదు. నావైపు తిరిగి, వంగి, నాకొక్కదానికే వినబడేలా అన్నాడు: "మీ వదినగారు ఆ రోజు తెచ్చిన బుట్ట మీద గుడ్డ తీసినట్టుందండీ. అప్పుడే దించిన రొట్టె. పైచెక్కు కాస్త ఎక్కువ కాలింది." నేను తలెత్తి చూశాను. అప్పుడు గానీ బల్ల వైపు తిరిగి వాళ్ళకు చెప్పలేదు. రెండోదానికీ అంతే, మూడోదానికీ అంతే. ముందు నాకు, తర్వాత లోకానికి. ఎవరూ గొణగలేదు, గ్లాసుల మీద చెయ్యి వేయకుండా నేను వినేదాకా ఆగారు.

వదినా, నాకు వాసనేమీ రాలేదు. రొట్టె అనగానే నోట్లో మాత్రం నీళ్ళూరాయి.

నీ వదిన